మీరా నక్షత్రం వెలుగును కంటితో కొలవడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి కోసం

తిమింగలం నక్షత్రమండలంలో మీరా అనే ఎర్రని నక్షత్రం ఉంది. కొన్ని వారాల పాటు అది ఎవరి కంటికైనా కనిపించేంతగా వెలుగుతుంది. తర్వాత క్రమంగా మసకబారి, నెలల తరబడి మామూలు బైనాక్యులర్లకు కూడా దొరకనంతగా తగ్గిపోతుంది. మళ్లీ వస్తుంది. ఒక్కో చక్రానికి సుమారు 332 రోజులు పడుతుంది. ఈ మార్పును చూడటమే కాదు, మన డాబా మీద నుంచే శాస్త్రానికి పనికొచ్చే విధంగా కొలవవచ్చు. దానికి ఖరీదైన టెలిస్కోపు అవసరం లేదు. నోటుపుస్తకం, చీకటి, ఓపిక చాలు. కళ్లు బాగున్న పదో తరగతి పిల్లలు కూడా చేయగల పని ఇది. మన ప్రాంతంలో ఈ పని చేసేవారు ఇంకా చాలామంది కావాలని నా కోరిక.

1596 ఆగస్టులో డేవిడ్ ఫాబ్రిషియస్ అనే మతబోధకుడు దీన్ని మొదట గుర్తించాడు. ఒక గ్రహం స్థానం కొలవడానికి పక్కనున్న నక్షత్రాన్ని గుర్తుగా పెట్టుకుంటే, కొన్ని వారాల్లో ఆ గుర్తే మాయమైంది. అప్పటికి టెలిస్కోపు పుట్టలేదు. కంటితో చూసే తెలుసుకున్నాడు. పదకొండు నెలలకోసారి తిరిగి వస్తుందని 1638లో హోల్వార్డా అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహించాడు. అద్భుతమైనది అనే అర్థంలో ‘మీరా’ అని పేరు పెట్టింది హెవేలియస్ అనే మరో ఖగోళ శాస్త్రవేత్త, 1662లో.

ఏం కొలుస్తున్నాం?

మీరా ఒక అరుణ మహాతార. సూర్యుడి వంటి నక్షత్రం ముసలితనంలో ఉబ్బితే ఇలా అవుతుంది. దాన్ని సూర్యుడి స్థానంలో ఉంచితే భూమి కక్ష్య దాని లోపలే ఉండిపోతుంది. మనకు దాదాపు 300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని పైపొరలు ఉబ్బుతూ, కుంచించుకుంటూ ఉంటాయి. పొరలు బాగా చల్లబడినప్పుడు టైటానియం ఆక్సైడ్ అణువులు ఏర్పడి కంటికి కనిపించే కాంతిని అడ్డుకుంటాయి. శక్తి ఎక్కువగా పరారుణ కాంతి రూపంలో బయటికి పోతుంది. మొత్తం శక్తిలో తేడా అంతగా లేకపోయినా, మన కంటికి చేరే వెలుగు మాత్రం 200 రెట్లకు పైగా మారుతుంది.

ఆ వెలుగును మాగ్నిట్యూడ్లలో చెబుతారు. అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది; ఇది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది కాబట్టి నోటుపుస్తకం అట్ట మీదే రాసుకోండి. ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా 100 రెట్ల తేడా. ఈ కొలతను 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్ తర్వాత మద్రాసు వేధశాలకు వచ్చి 1861 నుంచి చాలాకాలం అక్కడే పనిచేశారు. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు మారుతోందని కనిపెట్టారు. అదీ మీరా జాతిదే. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఈ విద్య మనకు కొత్తగా దిగుమతి అయినది కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

మీరా సాధారణంగా 3.4 దాకా వెలిగి, 9.3 దాకా తగ్గుతుంది. కానీ ఏ రెండు చక్రాలూ ఒకేలా ఉండవు. ఒకసారి 2 దాకా వస్తుంది, మరోసారి 4 దాటి రాదు. 1779లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ చూసినప్పుడు దాదాపు రోహిణి నక్షత్రమంత వెలిగింది. ఈసారి ఎంత వెలుగుతుందో ఎవరూ ముందే కచ్చితంగా చెప్పలేరు. అందుకే మీ కొలతకు విలువ.

ముందుగా ఏడాదిని, నెలను ఎంచుకోండి

చక్రం ఏడాది కంటే సుమారు 33 రోజులు తక్కువ. కాబట్టి గరిష్ఠ వెలుగు ఏటా ఒక నెల ముందుకు జరుగుతూ వస్తుంది. 2022లో అది జులై ప్రాంతంలో వచ్చింది. అక్కడి నుంచి 332 చొప్పున కలుపుకుంటూ పోతే 2027 జనవరి చివరకు, ఆ తర్వాత 2027 డిసెంబరు చివరకు, అటుపై 2028 నవంబరు చివరి వారాలకు చేరతాం. ఇది సగటు లెక్క. అసలు రోజు రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. వెలుగు పెరగడానికి నాలుగు నెలలు కూడా పట్టదు, తగ్గడానికి ఏడు నెలల దాకా పడుతుంది. గరిష్ఠానికి రెండు నెలల ముందే పని మొదలుపెట్టండి. ఎక్కే దశను పట్టుకోవడంలో ఉన్న ఆనందం వేరు.

మీరా ఎప్పుడు కనిపించదో మన కార్తెలే చెబుతాయి. ఏప్రిల్, మే నెలల్లో అశ్విని, భరణి కార్తెలు నడిచేటప్పుడు సూర్యుడు ఆ నక్షత్రాల దగ్గర ఉంటాడు. మీరా వాటికి దక్షిణంగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పగటి వెలుగులో మునిగిపోతుంది. మృగశిర కార్తె వచ్చేసరికి తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనిపిస్తుంది. సెప్టెంబరు మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఉదయిస్తుంది. నవంబరు మొదట్లో పదకొండున్నరకు, డిసెంబరు మొదట్లో తొమ్మిదిన్నరకు దక్షిణాన అత్యంత ఎత్తుకు చేరుతుంది. సంక్రాంతికైతే సంధ్యవేళకే నడినెత్తికి కొంచెం దక్షిణంగా నిలబడి ఉంటుంది. నెల్లూరులో దాని గరిష్ఠ ఎత్తు 72 డిగ్రీలకు పైమాటే. ఐరోపాలోని పరిశీలకులకు ఇంత ఎత్తు దొరకదు.

మన చిక్కు ఏమిటంటే, మీరా రాత్రంతా కనిపించే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. వాయుగుండం మీద వాయుగుండం. ఆ నెలల్లో వరుసగా కొలతలు వస్తాయని ఆశ పెట్టుకోకండి. కానీ తుపాను తీరం దాటి వెళ్లిన రెండో రోజో, మూడో రోజో మబ్బు విడితే మాత్రం తప్పకుండా బయటికి రండి. వాన దుమ్మును కడిగేస్తుంది. ఏడాది మొత్తంలో అంత తేటగా ఆకాశం కనిపించే రాత్రులు కొన్నే. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పని సాఫీగా సాగుతుంది.

చోటు: సముద్రం వైపా, కొండల వైపా?

చాలామంది చీకటి అనగానే బీచ్‌కు బయలుదేరతారు. అది కాలాన్ని బట్టి ఉండాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మీరా రాత్రి తూర్పున ఉదయిస్తుంది కాబట్టి మైపాడు, కొత్తపట్నం వంటి తీరాలు బాగుంటాయి, ఎదురుగా సముద్రం తప్ప దీపాలు ఉండవు. అదే జనవరి, ఫిబ్రవరి సాయంత్రాల్లో మీరా పడమరకు వాలుతుంది. అప్పుడు మైపాడులో నిలబడితే అది నెల్లూరు నగరపు వెలుగులోకి దిగుతుంది. కొత్తపట్నంలోనైతే ఒంగోలు వెలుగులోకి. పైగా తీరం వెంట రొయ్యల చెరువుల దీపాలు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి, ఉప్పుగాలికి బైనాక్యులర్ల అద్దాలు నిమిషాల్లో చెమర్చుతాయి.

కాబట్టి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా పడమటి వైపు వెళ్లండి. ఉదయగిరి, సీతారామపురం వైపు, సోమశిల పరిసరాలు, కనిగిరి, పామూరు మెట్ట ప్రాంతం, ఇంకా పైకి కంభం, గిద్దలూరు వైపు నల్లమల అంచు. అక్కడ గాలి పొడిగా ఉంటుంది. వెలిగొండల నీడన మరీ దగ్గరగా నిలబడితే పడమటి ఆకాశం కొండ చాటున పోతుంది. కొండకు కొన్ని కిలోమీటర్లు తూర్పుగా ఉండండి. అడవిలోకి, జలాశయం కట్టల మీదకు అనుమతి లేకుండా వెళ్లవద్దు. ఊరి చివర పొలం గట్టు, తెలిసినవారి కళ్లం చాలు. ఒంటరిగా వెళ్లకండి. నడిచేటప్పుడు తెల్ల టార్చి వేసుకోండి, పాముల విషయంలో మొహమాటం వద్దు.

ఇవేవీ కుదరకపోతే మీ డాబానే చాలు. మీరా గరిష్ఠ వెలుగులో ఉన్నప్పుడు నెల్లూరు, ఒంగోలు నడిబొడ్డు నుంచి కూడా కనిపిస్తుంది. వీధిదీపం కంట పడకుండా నీళ్ల ట్యాంకు చాటున కూర్చోండి.

చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆలోగా ఫోను చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. రాసుకోవడానికి టార్చి ముఖానికి ఎర్ర రంగు కాగితం రెండు మూడు పొరలు కట్టుకోండి.

మీరాను కనుక్కోండి

జనవరి మధ్యలో రాత్రి ఏడున్నరకు దక్షిణానికి తిరిగి నిలబడ్డారనుకుందాం. తల బాగా ఎత్తితే నడినెత్తి దగ్గర కృత్తికల గుంపు కనిపిస్తుంది. ఎడమ వైపు, అంటే తూర్పున, ఎర్రగా రోహిణి. కృత్తికల నుంచి కుడి వైపుకు వెళితే మేషరాశిలో ప్రకాశవంతమైన హమాల్, దాని పక్కనే అశ్విని నక్షత్రాలు. హమాల్ నుంచి సూటిగా దక్షిణానికి, చాచిన చేతి జానెడు కంటే కొంచెం ఎక్కువ దూరం దిగండి. మీరా ఉండే ప్రాంతం అదే.

ఇంతకంటే నమ్మకమైన దారి ఒకటుంది. నాకు బాగా నచ్చింది ఇదే. రోహిణికి కుడివైపు, కాస్త దిగువన, చుట్టుపక్కల పెద్ద నక్షత్రాలు లేని చోట నారింజ ఛాయలో మెంకార్ ఉంటుంది. నైరుతి దిక్కున కిందుగా ఒంటరిగా మెరిసేది డిఫ్డా. ఈ రెండింటినీ ఒక గీతతో కలిపి ఆ గీతను మూడు భాగాలు చేయండి. మెంకార్ నుంచి మొదటి భాగం ముగిసే చోటే మీరా. దాదాపు అక్షరాలా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు నిర్ధారించుకోండి. మెంకార్‌కు కుడి వైపు ఐదు డిగ్రీల దూరంలో, అంటే చాచిన చేతి మూడు నడిమి వేళ్ల వెడల్పులో, తిమింగలం మండలంలోనిదే గామా సెటి అనే నక్షత్రం ఉంటుంది. దానికి మూడు డిగ్రీలు కింద డెల్టా సెటి. అక్కడి నుంచి కుడికి, కిందికి ఏటవాలుగా ఆరు డిగ్రీలు జరిగితే మీరా. అక్కడ ఏమీ కనిపించకపోతే కంగారు పడకండి. మీరా మసక దశలో ఉందన్నమాట. 10x50 బైనాక్యులర్లతో (పది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) చీకటి చోటు నుంచి ఎనిమిదో మాగ్నిట్యూడ్ ప్రాంతం దాకా అనుసరించవచ్చు. కనిష్ఠ దశకు చిన్న టెలిస్కోపు కావాలి. ఆ దశలో మీరాకు దగ్గర్లోనే 9.3 మాగ్నిట్యూడ్ నక్షత్రం ఒకటి ఉంది, దాన్ని చూసి మీరా అనుకోకుండా చార్టుతో, అంటే చుట్టుపక్కల నక్షత్రాల పటంతో (ఎక్కడ దొరుకుతుందో కింద చెబుతాను), సరిచూసుకోండి.

వెలుగును అంచనా వేయడం

అసలు పని ఇదే. తొందరపడవద్దు. పోల్చడానికి ఈ నక్షత్రాల వెలుగు గుర్తుంచుకోండి: డిఫ్డా 2.0, హమాల్ 2.0, మెంకార్ 2.5, గామా సెటి 3.5, మీనరాశి కొసన ఉండే ఆల్ఫా పిషియం 3.8, డెల్టా సెటి 4.1. వీటిలో మీరా కంటే కాస్త ఎక్కువ వెలిగేదాన్ని ఒకటి, కాస్త తక్కువ వెలిగేదాన్ని ఒకటి ఎంచుకోండి. రెండింటి మధ్య మీరా ఎక్కడ ఉందో భాగాల్లో చెప్పండి.

ఒక ఉదాహరణ. మీరా గామా సెటి కంటే తగ్గి, డెల్టా సెటి కంటే ఎక్కువగా ఉంది. చూపును మూడింటి మీదా అటూ ఇటూ తిప్పారు. గామాతో తేడా స్పష్టంగా తెలుస్తోంది, డెల్టాతో తేడా అందులో సగమే అనిపించింది. అంటే మధ్యనున్న దూరాన్ని మూడు భాగాలు చేస్తే గామా నుంచి రెండు భాగాలు, డెల్టా నుంచి ఒక భాగం. గామాకు, డెల్టాకు తేడా 0.6. అందులో మూడింట రెండు వంతులు 0.4. దాన్ని 3.5కు కలిపితే 3.9. ఆ రాత్రి మీ కొలత 3.9. ఒక్క దశాంశ స్థానం చాలు, అంతకు మించి కంటికి సాధ్యం కాదు.

ఎర్ర నక్షత్రం కాబట్టి ఒక పెద్ద మోసం ఉంది. దాన్ని తదేకంగా చూస్తూ ఉంటే కళ్లలో ఎరుపు పేరుకుని, ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుతున్నట్లు అనిపిస్తుంది. తెల్లని డెల్టా సెటితో పోల్చేటప్పుడు ఇది మరీ ఎక్కువ. అందుకే గుడ్లప్పగించి చూడకండి. ఒక్క క్షణం చూపు నిలిపి, వెంటనే పోల్చే నక్షత్రం మీదకు మళ్లండి. అలా నాలుగైదు సార్లు. బైనాక్యులర్లతో చూసేవారు ఫోకస్‌ను కొంచెం చెడగొట్టి, రెండు నక్షత్రాలూ చిన్న గుండ్రని మచ్చలుగా మారాక పోలిస్తే రంగు ప్రభావం తగ్గుతుంది. మీరా బాగా వెలిగే రోజుల్లో మెంకార్‌తో పోల్చడం హాయి, అది కూడా ఎర్రని ఛాయే.

మరో సంగతి ఎత్తు. దిగంతానికి దగ్గరున్న నక్షత్రం కాంతిని గాలి, పొగమంచు మింగేస్తాయి. ఫిబ్రవరి చివర డిఫ్డా పడమటి దిగువకు జారిపోయాక దానితో పోల్చవద్దు. మీరాతో సమానమైన ఎత్తులో ఉన్నవే ఎంచుకోండి. పున్నమికి ముందూ వెనుకా నాలుగు రోజులు మసక దశ కొలతలు మానేయండి.

అన్నిటికంటే ముఖ్యం, కొలిచే ముందు మీ పాత అంకెలు చూడకండి. పోయిన వారం 3.6 అని తెలిస్తే ఈ వారం 3.5 కనిపించాలని మనసు తొందరపడుతుంది. ఇంట్లో ఇద్దరు చూస్తుంటే ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా ఎవరిది వారు రాసుకోవాలి. రెండు అంకెలు 0.3 తేడాగా వస్తే అది తప్పు కాదు, రెండింటినీ అలాగే ఉంచండి. సరిదిద్దిన కొలత కంటే తేడాగా ఉన్న నిజమైన కొలత మేలు.

రాసుకోవడం, పంపడం

ప్రతి కొలతకూ తేదీ, సమయం, మీరా వెలుగు, ఏయే నక్షత్రాలతో పోల్చారు, ఆకాశం ఎలా ఉంది, కంటితోనా బైనాక్యులర్లతోనా అన్నవి వెంటనే, అక్కడే రాయాలి. ఇంటికి వెళ్లి రాద్దాం అనుకుంటే రాయరు. వారానికి ఒకటి చాలు, ఎక్కే దశలో ఐదు రోజులకోసారి.

ఖగోళ పరిశీలకులు తేదీని జూలియన్ దినసంఖ్యలో రాస్తారు. అది గ్రీనిచ్ మధ్యాహ్నం, అంటే మనకు సాయంత్రం 5:30కు మారుతుంది. 2023 ఫిబ్రవరి 24 సాయంత్రం 5:30కు సరిగ్గా 2460000. అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకోవచ్చు. ఇది మనకు భలే సౌకర్యం. మన సాయంత్రం నుంచి తెల్లవారే దాకా మొత్తం రాత్రికి ఒకే సంఖ్య, అర్ధరాత్రి దాటినా తేదీ మార్చే పని లేదు.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా దినసంఖ్య, నిలువుగా మాగ్నిట్యూడ్ పెట్టి, చిన్న అంకె పైన ఉండేలా చుక్కలు పెట్టండి. చుక్కలను గీతతో కలపకండి, కలపకుండానే వంపు కనిపిస్తుంది.

కొలతలను అమెరికాలో 1911లో ఏర్పడిన కాంతి మారే నక్షత్రాల పరిశీలకుల సంఘం, ఏఏవీఎస్ఓ, ప్రపంచం నలుమూలల నుంచి స్వీకరిస్తుంది. వారి వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే మీకో పరిశీలక సంకేతం వస్తుంది. మీరా చార్టును ఉచితంగా ప్రింటు తీసుకోవచ్చు. చార్టు మీద 41 అని ఉంటే 4.1 అని చదువుకోవాలి. దశాంశ బిందువును నక్షత్రం అనుకోకుండా తీసేస్తారు. బైనాక్యులర్లతో చూసే మసక దశకు పోల్చే నక్షత్రాలన్నీ అందులో ఉంటాయి. కొలత పంపేటప్పుడు చార్టు సంఖ్య కూడా రాయాలి.

మీరా అసలు కనిపించని రాత్రి కూడా పుస్తకం మూసేయవద్దు. ఆ చుట్టుపక్కల మీకు కనిపించిన అతి మసక నక్షత్రం ఏదో చూసి, మీరా దానికంటే తక్కువ అని రాయండి. అదీ కొలతే.

ఫోను కెమెరాను స్టాండుపై పెట్టి తీసిన ఫొటో జ్ఞాపకానికి బాగుంటుంది. కొలతకు వాడకండి. కెమెరా ఎరుపును మన కన్నులా చూడదు.

మీరా దాగినప్పుడు

మార్చి నెలాఖరుకు మీరా పడమటి సంధ్యలో కలిసిపోతుంది. మన దగ్గర మబ్బులేని డాబా రాత్రులు అప్పుడే మొదలవుతాయి. ఆ కాలానికి సింహరాశిలో ఆర్ లియోనిస్ ఉంది. 1782లో కనిపెట్టిన ఈ నక్షత్రం కూడా మీరా జాతిదే. చక్రం సుమారు 310 రోజులు. బాగా వెలిగినప్పుడు కంటికి అందుతుంది, లేనప్పుడు బైనాక్యులర్లు, టెలిస్కోపు. మఖ నక్షత్రానికి పడమరగా ఐదు డిగ్రీల దూరంలో వెతకండి. అక్కడ 18, 19 లియోనిస్ అనే రెండు చిన్న నక్షత్రాలతో కలిసి చిన్న త్రిభుజంలా కనిపిస్తుంది. మూడింటిలో ఎర్రనిది అదే.

ఫిబ్రవరి చివర రాత్రి ఏడున్నరకు పడమట మీరాను కొలిచి, భోజనం చేసి, తొమ్మిదికి తూర్పు వైపు మఖ పైకి వచ్చాక ఆర్ లియోనిస్‌ను కొలవవచ్చు. దాని చార్టును కూడా ముందే ప్రింటు తీసి, అదే నోటుపుస్తకంలో వెనుక నుంచి పేజీలు మొదలుపెట్టండి.